నల్లరాయికి తోడెవరు

అనగనగా, కొండలకు కూడా కోపమొచ్చి నిప్పులు కక్కే కాలంలో, అంగారగిరి అనే రాజ్యం ఒకటుండేది. దాన్ని రత్నాంగద మహారాజు ఏలేవారు. మంచివారే. వేటకు వెళ్లరు, జూదం ఆడరు. కానీ మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా. ఈయనకు రాళ్ల పిచ్చి.

ఏం రాళ్లంటారా? నిప్పుకొండ కక్కింది చటుక్కున చల్లారితే నల్లటి గాజులా బిగుసుకుపోతుంది. ఆ గాజురాళ్లు. రాజుగారు స్వయంగా గంప పట్టుకుని కొండకు వెళ్లి ఏరుకొచ్చేవారు. వాటిని చెక్కపీపాలో పోసి, ఇసుకా నీళ్లూ కలిపి, మూత బిగించి, వాగు మీది చక్రానికి కట్టించేవారు. వాగు పారితే చక్రం తిరుగుతుంది, చక్రంతో పీపా తిరుగుతుంది, లోపల రాళ్లు ఒకదాన్నొకటి రాసుకుని నునుపెక్కుతాయి. ఆ గరగర వింటూ కూర్చుంటే రాజుగారికి అన్నం వేళ కూడా గుర్తుండేది కాదు.

పీపా చూసుకునే మనిషి సింగారమ్మ. కొండ మీది ఊరామె. ఆ ఊళ్లో నలభై గడపలు. అందరూ ఆ నల్లరాయితోనే కత్తులూ బాణాల మొనలూ చేసి బతికేవాళ్లు.

ఒకసారి రాణిగారి అన్న, పక్క రాజ్యపు రాజు కేతుమంతుడు చుట్టపుచూపుగా వచ్చాడు. భోజనాలయ్యాక రాజుగారు ముచ్చటపడి తన రాళ్లన్నీ బావమరిది ముందు పరిచారు. కేతుమంతుడు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పాడు.

"బొగ్గుకు తలంటు పోసినట్టుంది బావా," అన్నాడు.

సభ అంతా నవ్వింది. రాజుగారికి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు నోరు జారారు.

"మూడు పున్నములు గడిచేలోగా ఈ కొండరాయిలో నీ మీసం నీకు చూపిస్తాను. చూపించలేకపోతే కొండ నీదే."

కేతుమంతుడు ఆ మాటను కింద పడనిస్తాడా? తనకూ కోటగోడకు రాయి కావాలన్నాడు. కొండనంతా పగలగొట్టించి బండ్ల మీద తోలుకుపోతానన్నాడు. సాక్ష్యం తన చెల్లెలే అన్నాడు.

మర్నాడు సింగారమ్మ వచ్చి రాజుగారి ఎదుట నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. "మరి మేం ఎక్కడికి పోవాలి దొరా?" అని మాత్రం అడిగింది.

రాజుగారు బిత్తరపోయారు. కొండ మీద రాళ్లున్నాయని తెలుసు గానీ, పందెం కాసేటప్పుడు మనుషులున్నారని గుర్తే రాలేదు.

సరే, గెలవాలి. గెలవక తప్పదు. రాజుగారి దగ్గర కొబ్బరికాయంత గాజురాయి ఒకటుంది. పడకగదిలో పట్టుగుడ్డ మీద పెట్టుకున్నది. దాన్ని తీసుకొచ్చారు. పీపాలో మూడింట రెండు వంతులు చిన్న రాళ్లు నింపి, వాటి మధ్య దీన్ని పెట్టాలని సింగారమ్మ చెప్పింది.

"దారిన పోయే పెంకుల మధ్యనా? నా రాయి ఒక్కటే తిరగాలి," అన్నారు రాజుగారు.

ఒక్కటే తిరిగింది. దబ్బు, దబ్బు, దబ్బు. మూడో రోజు మూత తీసి చూస్తే అరచేతి మేర ఒక పక్క ఊడిపోయి ఉంది.

"ఒంటరిది కదా దొరా. పైనుంచి పడ్డప్పుడల్లా పట్టుకునేవాళ్లు లేరు," అంది సింగారమ్మ.

రాజుగారికి సగం బోధపడింది. సగమే. తోడు కావాలి నిజమే, అయితే తగిన తోడు కావాలి అనుకున్నారు. బొక్కసం నుంచి కెంపులు తెప్పించారు. రాణిగారి పుట్టింటి ముత్యాల పేట అడిగి తెచ్చారు. ముత్యం మరీ మెత్తన, కెంపు మరీ గట్టి, ఈ రాయికి రెండూ సరిజోడు కావని సింగారమ్మ మొత్తుకుంది. రాళ్ల సంగతి నాకు నేర్పుతావా అన్నారు రాజుగారు.

నెల మీద పది రోజులు తిరిగింది పీపా. మూత తీసి వంచారు. పాలు. అవునండీ, తెల్లగా, చిక్కగా, పాలలాంటి నీళ్లు బొళబొళా కారి వాగులో కలిసిపోయాయి. రాజుగారు మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవారు. కెంపులు కెంపుల్లాగే ఉన్నాయి. నల్లరాయి ఒళ్లంతా పది పిల్లులు కలిసి రక్కినట్టుంది. ముత్యం మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

రాణిగారు వచ్చి చూశారు. "మా అమ్మ ఇచ్చిన పేట ఏదీ?" అని అడిగారు.

రాజుగారు వాగు వైపు చెయ్యి చూపించారు. తరవాత మూడు రోజులు రాణిగారు ఆయన ముఖం చూడలేదు.

ఇక మిగిలింది నలభై రోజులు. రాజుగారు కిరీటం తీసి పక్కన పెట్టి, "నువ్వు చెప్పినట్టే కానీ సింగారమ్మా," అన్నారు.

ఆమె ఊరికి వెళ్లి, గడపల ముందు పిల్లలు ఆడుకునే గాజురాళ్లు ఏరుకొచ్చింది. నిమ్మకాయంతవి, చింతగింజంతవి. వాటి మధ్య పెద్దరాయిని పెట్టింది. ఉన్నమాట కూడా ముందే చెప్పింది. మొదట తగిలిన దెబ్బ పెద్దరాయి లోపలికి దిగిందని, అది నిలుస్తుందని మాట ఇవ్వలేనని. రాజుగారు తల ఊపారు గానీ ఆశ చంపుకోలేకపోయారు.

పది రోజులు గరుకు ఇసుకతో తిప్పారు. పది రోజులు మెత్తటి రాతిపొడితో. చివరి ఇరవై రోజులు జల్లెడ పట్టిన సుద్దమన్నుతో. మార్చినప్పుడల్లా ముందటి ఇసుక రేణువు కూడా మిగలకుండా కడిగారు. కడగడానికి నీళ్లు మోసింది ఎవరనుకున్నారు? రాజుగారే.

మూడో పున్నమి రోజు పొద్దున్నే సభ అంతా వాగొడ్డున చేరింది. కేతుమంతుడు అప్పుడే ఫలహారం చేసి మీసం దువ్వుకుంటూ వచ్చాడు. నలభై గడపల వాళ్లూ మూటలు కట్టుకుని అవతలి ఒడ్డున నిలబడ్డారు. మూత తీశారు. రాజుగారు రెండు చేతులతో పెద్దరాయిని పైకెత్తారు.

ఒక చేతిలో ఒక ముక్క. రెండో చేతిలో రెండో ముక్క.

రాజుగారు అవతలి ఒడ్డు వైపు కళ్లెత్తలేకపోయారు.

"బండ్లు ఎప్పుడు పంపమంటావు బావా?" అన్నాడు కేతుమంతుడు.

సింగారమ్మ పీపాలో చెయ్యి పెట్టి నిమ్మకాయంత రాయి ఒకటి తీసింది. కొంగుతో తుడిచి అతని ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"ఎడమ మీసంలో దద్దోజనం మెతుకుంది దొరా."

కేతుమంతుడు రాయిలోకి చూశాడు. చూస్తూ చూస్తూనే చెయ్యి ఎడమ మీసం మీదికి పోయింది. మెతుకును పట్టుకుని తీసింది. తీశాక గానీ ఏం చేశాడో అతనికి తెలియలేదు.

"చూసుకున్నావుగా అన్నా, ఇక బయలుదేరు," అన్నారు రాణిగారు.

రాజుగారు పీపాలోకి వంగి చూశారు. తను పెంకులన్న రాళ్లు ఒక్కొక్కదానిలో ఒక్కొక్క సూర్యుడు మెరుస్తున్నాడు. ఆ తరవాత నీళ్లలో దిగి అవతలి ఒడ్డుకు నడిచి వెళ్లి, మూటలు తనే విప్పించి, ఇక మీదట ఏ రాజూ ఆ కొండను పందెం కాయరాదని అందరి ముందూ శాసనం చేశారు.

పక్కనున్నవాళ్లను చిన్నవాళ్లని తోసేసేవాడు ఒంటరిగా పడి పగులుతాడు. ఆనాడు వాడి పరువు నిలబెట్టేది ఆ చిన్నవాళ్లే.