గంజి పెట్టిన గుడ్డ

మెట్టుగూడలో డీజే విద్య నేర్పే ఐజయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ ముందుకు రాగానే, రికార్డు కింద పరిచే గుండ్రటి ఉన్ని ఫెల్టు గుడ్డను తీసి కళ్లకద్దుకునేవారు. దాని మీద చెమట మరకలు, టీ మరకలు, ఇంకా ఏవేవో మరకలు. శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. అందరికంటే ఎక్కువ నవ్వింది విలాసిని. ఆమెది చురుకైన చెయ్యి, ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

ఆమె మొదటిసారి డీజేల పోటీకి వెళ్లబోతోంది. తిరిగే రికార్డును వేళ్లతో వెనక్కి లాగి, ముందుకు తోసి, అచ్చం డప్పులా పలికించే వరస ఒకటి సొంతంగా కట్టుకుంది. ఆమె ఆశంతా దాని మీదే. ముందురోజు మాస్టారిని అడిగేసింది.

"సార్, ఈ వరస మీరు నేర్పలే, నేనే కనిపెట్టిన. స్టేజీ మీద ఇంకెవరి పేరన్నా చెప్పాల్నా?"

మాస్టారు చిన్నబుచ్చుకోలేదు. తన గుడ్డను తీసి ఆమె చేతిలో పెట్టి, "రేపు దీని మీద వాయించమ్మా," అన్నారు.

ఇంత మురికి గుడ్డతో స్టేజీ ఎక్కడమేమిటని, విలాసిని ఇంటికి పోగానే దాన్ని సబ్బు పెట్టి శుభ్రంగా ఉతికి ఆరేసింది. మర్నాడు పొద్దున మాస్టారి ఇంటికి సాధనకు వచ్చి, గుడ్డ పరిచి, రికార్డు పెట్టింది. మెత్తబడ్డ గుడ్డ ముడతలు పడి, కింద తిరిగే పళ్లేనికి అతుక్కుపోయింది. రికార్డును లాగితే పళ్లెం కూడా ఆగిపోతోంది. డప్పులా పలకాల్సిన వరస కడుపునొప్పి వచ్చినట్టు మూలిగింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

"సార్, నా చెయ్యి పోయింది," అంది విలాసిని కళ్లనీళ్లతో. సాయంత్రమే పోటీ.

మాస్టారు గుడ్డను తడిమి చూసి, ఉతుకులో దాని గంజంతా పోయిందని తెలిసి నవ్వారు. వంటింట్లో అన్నం వార్చిన గంజి తెచ్చి దానికి పట్టించారు. బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తూ చెప్పారు.

"న్యూయార్క్‌ల బ్రాంక్స్ అని ఒక పేదల వాడ. ఈ విద్య అక్కడి పిల్లలు మొదలువెట్టిండ్రు. వాళ్లకూ ఇదే తిప్పలు. చేతిల రికార్డు ఆగాలె, కింద పళ్లెం ఆగొద్దు. ఆఖరికి బట్టలకు పెట్టే గంజి తెచ్చి గుడ్డను బిరుసు చేసిండ్రు. మా గురువు నాకు చెప్పిండు. ఆయనకెవరు చెప్పిండ్రో నేనడగలే."

గుడ్డ ఎండి అట్టలా నిలబడింది. రికార్డు పెట్టి విలాసిని వేలు కదిపిందో లేదో, డప్పు ఖణేల్మని మోగింది. ఆమెకు సంతోషంతో పాటు సిగ్గూ వేసింది. ఆ బ్రాంక్స్ పిల్లలెవరో తను చూడలేదు. తనొకతి పుడుతుందని వాళ్లకు తెలియదు. అయినా ఇన్నాళ్లూ తన వేళ్ల కింద వాళ్లు పడ్డ కష్టమే ఉంది. వాళ్లందరికీ దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ సాయంత్రం స్టేజీ మీద విలాసిని ఎవరి పేరూ చెప్పలేదు. టర్న్‌టేబుల్ ముందుకు వచ్చి, రికార్డు పక్కన పెట్టి, గుడ్డను తీసి రెండు కళ్లకూ అద్దుకుంది. హాలంతా గుసగుసలు.

"ఏం జేస్తున్నది సార్ మీ పిల్ల?" అని పక్క కుర్చీ ఆయన అడిగాడు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "గంజి ఆరిందో లేదో చూస్తున్నది," అన్నారు.