పోలారావు చెయ్యి, మూడో చరణం

కొత్తగరువులో మైక్‌సెట్ పోలారావు అని ఒకాయన ఉండేవాడు. తన చెయ్యి పడనిదే ఏదీ బాగుపడదని ఆయన గట్టి నమ్మకం.

మైక్‌సెట్ అద్దెకివ్వడం ఆయన మానేసి చాలా కాలమైంది. పేరు మాత్రం ఆయన్ని మానలేదు. ఎన్నికల ప్రసంగమైనా, పెళ్ళి మంత్రమైనా ఎకో కలపందే ఆయనకు తోచేది కాదు. పురోహితుడు ఒక్కసారి చదివిన మంత్రం నాలుగుసార్లు వినిపించేది. మా ఊరి కాపురాలు గట్టిగా నిలిచాయంటే అందుకేనని ఆయన అనేవాడు.

ఇంట్లోనూ అంతే. భార్య సుందరమణి పప్పులో ఉప్పు వేసి దించగానే, రుచైనా చూడకుండా ఆయన మరో చిటికెడు వేసేవాడు. ఆ పప్పును మెచ్చుకునేవాళ్ళు ఊళ్ళో రెండు రకాలు. ఒకరు పోలారావు. మిగిలినవాళ్ళు ఆయనతో పని పడ్డవాళ్ళు.

వాళ్ళ అమ్మాయి శ్రీవల్లికి ఏడో నెల వచ్చింది. శుక్రవారం సీమంతం పెట్టుకున్నారు. సుందరమణి పుట్టింటి ఆడవాళ్ళు ప్రతి సీమంతానికీ ఒక హారతి పాట పాడేవారు. వాళ్ళమ్మ మహలక్ష్మమ్మ పోయాక అందులో మూడో చరణం తెలిసినవాళ్ళు మిగల్లేదు. సుందరమణికి రెండు చరణాలే వచ్చు. చిన్నప్పుడు అమ్మ పాడుతుంటే ఈవిడ పక్కన కూర్చుని బూరెలు తినేదట. మూడో చరణం వచ్చే వేళకు ధ్యాసంతా బూరెల మీదే ఉండేదన్నమాట.

"సగం హారతితో నా కూతుర్ని దీవించను. ఆ చరణం దొరకాల్సిందే," అని ఆవిడ పట్టుబట్టింది.

వాకబు చేస్తే, మహలక్ష్మమ్మ పాడిన పాత క్యాసెట్టును ఒక మేనల్లుడు ఇంటర్నెట్‌లో పెట్టాడని తెలిసింది. ఫోన్‌లో వింటే డబ్బాలో ఈగ తిరిగినట్టుంది. చెవుల్లో పెట్టుకునేవి పెడితే సుందరమణికి తల తిరిగింది.

"నువ్వు ఊరుకోవే. మీ అమ్మను తెచ్చి మన హాల్లో కూర్చోబెడతాను," అన్నాడు పోలారావు.

అన్నట్టే పట్నం వెళ్ళి రెండు పెట్టెలు, రెండు స్పీకర్లు తెచ్చాడు. చిన్న పెట్టె స్ట్రీమరు; అది ఇంటర్నెట్‌లోంచి పాటను అందుకుంటుంది. పెద్ద పెట్టె రిసీవరు; అది ఆ పాటకు బలమిచ్చి స్పీకర్లకు పంపుతుంది. రెండింటి మధ్య పెట్టెతో వచ్చిన ఒక్క వైరు చాలని కొట్టువాడు చెప్పాడు. ఒక్క వైరుతో అయిపోయే పనికి ఇక తనెందుకని పోలారావు నొచ్చుకున్నాడు.

అందుకని స్ట్రీమరులో బేస్, అంటే దడదడలాడించే అదురు, పెంచాడు. రిసీవరులో మళ్ళీ పెంచాడు. ఏ పాటైనా పెద్ద మండపంలో పాడినట్టు వినిపించే మీట ఒకటి కనబడితే అదీ నొక్కాడు. అప్పటికీ చెయ్యి ఊరుకోలేదు. అటక మీది పాత ఎకో పెట్టెను దించి, దుమ్ము దులిపి, రెండింటి మధ్య తగిలించాడు. సుందరమణి కూడా తక్కువ తినలేదు. కొత్త స్పీకర్లకు దిష్టి తగులుతుందని, తను కుట్టిన మందపాటి మఖమల్ ముసుగులు తొడిగింది.

బుధవారం సాయంత్రం వీధివాళ్ళందరినీ పిలిచారు. కాఫీ కూడా ఉందని తెలిసి నేనూ వెళ్ళాను. పాట మొదలైంది. కిటికీ అద్దాలు తాళం కొట్టాయి. వంటింట్లో గరిటెలు రాలాయి. పెరటి అవతల గేదె కట్టు తెంపుకుని పోయింది. దానికి కాఫీ ఆశ లేదు కదా.

"అదిరిందండీ పోలారావు గారూ!" అన్నారు కామేశం మాస్టారు. నిజమే, ఆయన చేతిలో కప్పు ఇంకా అదురుతూనే ఉంది.

"అచ్చం గుళ్ళో ఉన్నట్టుంది," అంది పక్కింటి చిట్టెమ్మ. ఆవిడ గుడి మొహం చూసి ఏళ్ళయింది.

"సంతోషం. మూడో చరణంలో ఏముందో మీలో ఒక్కరు చెప్పండి," అంది సుందరమణి.

మాస్టారు కప్పులోకి చూశారు. చిట్టెమ్మ మాస్టారి కప్పులోకి చూసింది.

"ఇంకాస్త పెంచనా?" అన్నాడు పోలారావు.

"పెంచండి. మనుషులకు తెలియకపోయినా గోడలకు తెలుస్తుంది," అంది సుందరమణి. ఆ వెంటనే ఆవిడ గొంతు మారింది. "నేను మా అమ్మ గొంతు అడిగాను. మీరు మీ చెయ్యి వినిపించారు. ఎల్లుండి నా కూతురి ముందు నేనేం పాడను?"

అందరం కప్పులు దించి లేచాం. తర్వాతేం జరుగుతుందో తెలియాలి కాబట్టి నేను కాస్త నెమ్మదిగా లేచాను. ఏమీ జరగలేదు.

జరిగింది మర్నాడు, భోజనం దగ్గర. అలవాటుగా ఉప్పు గిన్నె మీదికి వెళ్ళిన పోలారావు చెయ్యి మధ్యలో ఆగింది. ముందు ఒక ముద్ద తిన్నాడు.

"ఇందులో ఉప్పు సరిపోయిందే!" అన్నాడు ఆశ్చర్యంగా.

"మన పెళ్ళయినప్పటి నుంచీ సరిపోతూనే ఉంది," అంది సుందరమణి.

ఆయన చెయ్యి కడుక్కుని పెట్టెల ముందు కూర్చున్నాడు. ఆ చరణం వినబడేదాకా లేవకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ముందు ఎకో పెట్టెను విప్పాడు. విప్పుతున్నంతసేపూ పన్ను పీకించుకునేవాడిలా మొహం పెట్టాడు. స్ట్రీమరు నుంచి రిసీవరుకు నేరుగా ఆ ఒక్క వైరే పెట్టాడు. రెండు చోట్లా పెంచిన బేస్ తగ్గించి మొదట ఉన్నట్టే ఉంచాడు. మండపం మీట ఆపేశాడు. వచ్చిన పాటను వచ్చినట్టే పంపే మీట నొక్కాడు. స్ట్రీమరు శబ్దాన్ని దాని మానాన వదిలి, హెచ్చుతగ్గులన్నీ రిసీవరు దగ్గర ఒక్కచోటే పెట్టుకున్నాడు.

పాట వచ్చింది. నయమే కానీ, ఇంకా దుప్పటి కింద నుంచి పాడుతున్నట్టుంది.

"నేను పెట్టినవన్నీ తీసేశాను. ఇంకేం అడ్డమొస్తోందే?" అన్నాడు దిగులుగా.

సుందరమణి తన మఖమల్ ముసుగుల వంక చూసింది. తర్వాత లేచి, "తగిలితే తగిలింది దిష్టి," అని రెండూ లాగేసింది.

హాల్లో మహలక్ష్మమ్మ గొంతు సవరించుకుంది. ఆవిడ గాజులు కూడా వినిపించాయి. మొదటి చరణం అయింది. రెండోదీ అయింది. మూడోది ఒక్కో మాటా విడివిడిగా, ముత్యాలు పేర్చినట్టు వచ్చింది. సుందరమణి కళ్ళు తుడుచుకుంటూనే పదేపదే పెట్టించుకుని కంఠతా పట్టింది. అంతసేపూ పోలారావు తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

శుక్రవారం శ్రీవల్లికి గాజులు తొడిగారు. హారతి వెలిగించారు. వియ్యంకుడు చుట్టూ చూసి, "మీరుండి మైకు లేకపోవడమేమిటి బావగారూ?" అన్నాడు. ఎకో పెట్టె తిరిగి చేరిన అటక వైపు ఊరంతా చూసింది. పోలారావు చెయ్యి కొంచెం లేచింది. మళ్ళీ దిగింది.

"ఈ పూటకు అక్కర్లేదు బావగారూ. మనం మాట్లాడకుండా ఉంటే చాలు," అన్నాడు.

సుందరమణి పాడింది. రెండు చరణాలయ్యాక మూడోది అందుకుంది.

"మాట మెల్లనిదానికి, మనసు చల్లనిదానికి,
మా ఇంటి దీపానికి మంగళమనరే."

శ్రీవల్లి అమ్మ చెయ్యి పట్టుకుంది. పాట పూర్తయ్యేదాకా చిట్టెమ్మ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. మా ఊళ్ళో ఇప్పటికీ వింతగా చెప్పుకునేది ఆ రెండో సంగతే.

నీతి: మంచిదానికి మన చెయ్యి కలిపే ముందు అది మన సాయం కోరిందో లేదో చూసుకోవాలి, చాలాసార్లు మనం చేయగల గొప్ప సాయం అడ్డు తప్పుకోవడమే.