మెట్ల మీది గంగమ్మ

ఇంగ్లండులోని విస్‌బర్న్ పట్టణంలో, మార్ నది ఒడ్డున శ్రీ గంగమ్మవారు గర్భాలయంలో గాక మేడమెట్ల మీద కొలువై ఉన్నారు. గోపురం కోసం వెతికే భక్తులు ఈ ఇంటిని ఒకటికి రెండుసార్లు దాటిపోతారు. నల్లని దూలాలు, తెల్లని గోడలు, ఏటివైపు కాస్త ఒరిగిన పెంకుల కప్పు గల ఈ పాతకాలపు ఇల్లే అమ్మవారి ఆలయం.

పూర్వం ఇక్కడ పెంబర్ వంశంవారు పడవలు కట్టేవారు. ఆ పని చేసినవారిలో చివరిదైన హెస్టర్ దొరసాని కీళ్ళవాతంతో సుత్తి పట్టలేక ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఏరు లోపలికి వస్తుందని తెలిసి ఎవరూ కొనడానికి రాలేదు. కడకు ఒక హోటలు కంపెనీవారు వచ్చి, ఏటివైపు గుమ్మం పూడ్చి అడ్డుగోడ కడతామన్నారు. ఆ మాట ఆమె గుండెలో ముల్లయి గుచ్చుకుంది. కానీ వేరే దారి కనబడలేదు.

ఆ ఊరి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న రత్నమాణిక్యం గోదావరి లంకల్లో పుట్టిన మనిషి. అమ్మమ్మ ఇచ్చిన జానెడు రాతి గంగమ్మను, అద్దెగదిలో చోటు లేక, బియ్యం డబ్బాలో దాచుకుంది. ఊళ్ళోని తెలుగువారు గుడికి చందాలైతే పోగుచేశారు గాని, చోటు దగ్గర మాట కలవడం లేదు. నలుగురం చేరితే అయిదు అభిప్రాయాలు కదా! ఒక తెల్లవారుజామున అమ్మ కలలో కనబడి, "నన్నెన్నాళ్ళు బియ్యంలో పాతిపెడతావే? నీళ్ళు నడిచే ఇల్లు చూడు" అని ఆజ్ఞాపించింది.

ఆ వారంలోనే ఈ ఇంటి ముందు అమ్మకపు బోర్డు ఆమె కంటబడింది.

"ఏట్లో ఇల్లు కొంటామా? కోరి కొరివితో తల గోక్కోవడమే!" అన్నాడు భర్త కామేశం. ఆమె అమ్మవారిని సంచిలో పెట్టుకుని, అతణ్ణి కూడా వెంటబెట్టుకుని, ఇల్లు చూడడానికి బయలుదేరింది.

బ్రోకరు బూట్లతోనే లోపల తిరుగుతూ, ఇల్లు ఎంత పొడిగా ఉందో వర్ణిస్తున్నాడు. రత్నమాణిక్యం మాత్రం అలవాటు కొద్దీ గుమ్మంలో చెప్పులు విప్పింది. అందుచేత నేలమీది రాతిపలకల సందుల్లో ఊరుతున్న చెమ్మ ముందుగా ఆమె అరికాళ్ళకే తెలిసింది. నీళ్ళొస్తున్నాయని చెబితే ఆయన నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే ఏరు గట్టు దాటింది. బ్రోకరు పరుగున వెళ్ళి ఏటివైపు తలుపుకు చెక్కలు అడ్డం పెట్టబోగా, ఆమె వారించింది. గంగమ్మను మేడమెట్టు మీద నిలిపి, ఏటివైపు, పెరటివైపు గుమ్మాలు రెండూ బార్లా తెరిచి, నీళ్ళ మీద పసుపు కుంకుమలు చల్లింది.

"రామ్మా తల్లీ! ఈ గుమ్మంలోంచి వచ్చి ఆ గుమ్మంలోంచి ఎల్లిపో. మద్దెలో కూకోకు" అని తన లంక యాసలోనే బతిమాలింది.

ఏరు చుట్టపుచూపుగా లోపలికి వచ్చి, అమ్మవారి పాదాలు తడిపి, పెరటి పల్లంలోకి దిగిపోయింది. ఒక్క గోడ కదలలేదు.

మేడ మీంచి అంతా చూసిన హెస్టర్ కళ్ళనీళ్ళతో దిగివచ్చింది. "మా నాయనమ్మ కూడా ఇలాగే తలుపులు తీసేది. ఇల్లు మీకే ఇస్తాను. ఒకటే కోరిక, ఏరొచ్చిన రోజు ఈ తలుపు నన్నే తియ్యనివ్వండి" అంది.

"అమ్మేశాక కూడా తాళం ఆవిడ దగ్గరేనా?" అని గొణిగాడు కామేశం.

"పుట్టింటి తలుపు తీసుకోడానికి ఆడపిల్లకి ఒకరి సెలవు కావాలా?" అంది రత్నమాణిక్యం.

నాటినుంచి నేటివరకు ఆ మాట చెల్లుతూనే ఉంది. ఈ ఆలయ ఉత్సవానికి తిథివార నక్షత్రాలు లేవు. ఏరు వచ్చిన రోజే పండుగ. హెస్టర్ కాలం చేశాక ఆమె చెల్లెలి సంతతిలోని ఆడపిల్లలు వచ్చి ఏటివైపు తలుపు తీస్తున్నారు. దేవస్థానంవారు వారికి ఆడపడుచు లాంఛనంగా చీర, పసుపు కుంకుమలు సమర్పిస్తారు. ఇల్లు దొరకనివారికి ఇల్లు, అమ్ముకుని దుఃఖించేవారికి ఊరట అమ్మ అనుగ్రహిస్తుంది. పెంబర్ ఇంటి ఆడపిల్ల గడపలో అడుగుపెట్టేదాకా, ఎంతటి అర్చకుడైనా సరే, చేతిలో కర్పూరంతో తడికాళ్ళమీద నిలబడి ఎదురు చూడవలసిందే.