నిద్రపోతున్న సిస్టమ్

ఆదోనిలోని ఆ ల్యాబులో పొద్దున చేసిన ఇరవై రెండు రక్తపరీక్షల ఫలితాలు మధ్యాహ్నానికి కంప్యూటర్లో లేవు. ఆ ఇరవై ఇద్దరిలో ఒకావిడకి సాయంత్రం ఆపరేషన్. పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. రిపోర్టు చూడందే డాక్టర్లు కత్తి పట్టరు.

ఆ కంప్యూటర్ని సిద్ధం చేసినవాడు రంగముని. జిలానీ ఉస్తాద్ దగ్గర నాలుగేళ్లుగా రిపేరు పని నేర్చుకుంటున్నాడు. ల్యాబులోని పాత పరీక్ష మిషన్, డబ్బు పెట్టి లైసెన్సు కొన్న ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే నడుస్తుంది. కొత్త మిషన్‌కి వేరే సిస్టమ్ కావాలి. ఆ రెండు సిస్టమ్‌లనీ ఒకే కంప్యూటర్లో పెట్టి, ఏది కావాలంటే అది తెరుచుకునేలా చేశాడు. రెండోదానికీ లైసెన్సు కొనాలా అని యజమాని సువర్చల మేడమ్ అడిగితే నవ్వాడు. అది ఉచితం, ఎవరి అనుమతీ అక్కర్లేదన్నాడు.

ఇప్పుడు ఎంత వెతికినా ఫలితాలు దొరకలేదు. ఉస్తాద్‌కి ఫోన్ చేశాడు.

ఉస్తాద్ రాగానే గడగడా చెప్పుకుపోయాడు. డిస్కు పాడైంది, పాత సరుకు, తన తప్పేం లేదు. మేడమ్‌కీ అదే చెప్పబోతున్నాడు.

ఉస్తాద్ తెర కేసి చూసి అడిగారు. "పొద్దున రెండో సిస్టమ్‌ని తెరిచేముందు మొదటిదాన్ని పూర్తిగా మూశావా, నిద్రపుచ్చావా?"

"నిద్రపుచ్చాను ఉస్తాద్. మూస్తే మళ్లీ లేవడానికి పది నిమిషాలు తీసుకుంటుంది."

"రెండోది ఏమీ అనలేదా?"

అన్నది. మొదటిది ఇంకా నిద్రలోనే ఉంది, దాని ఫైళ్లు చదువుతాను గానీ అక్కడ ఏమీ రాయనని తెర మీద చెప్పింది. రంగముని పొద్దుటి ఫలితాలన్నీ బలవంతంగా అక్కడే రాయించాడు. ఆ విద్య తెలిసినవాడు ఈ ఊళ్లో తనొక్కడేనని మురిసిపోయాడు కూడా. మధ్యాహ్నం మొదటిదాన్ని లేపాక చూస్తే ఫలితాలు లేవు.

ఉస్తాద్ భుజం మీది తువ్వాలు తీసి, అక్కడున్న ఒక్క ఖాళీ కుర్చీలో పడేసి బయటికి వెళ్లారు.

రంగముని కాళ్లు లాగేస్తున్నాయి. కూర్చోబోయి తువ్వాలు చూసి ఆగిపోయాడు. గోడ గడియారంలో రెండున్నర దాటింది. నిలబడే ఉన్నాడు.

ఉస్తాద్ తిరిగొచ్చారు. "కూర్చోలేదేమప్పా?"

"మీ తువ్వాలుంది."

"నేను లేనుగదా."

"వస్తారుగదా ఉస్తాద్."

"వచ్చి?"

"నన్ను లేపేసి మీరు..."

రంగముని తెర వైపు తిరిగాడు. మొదటిదీ అంతే, నిద్ర లేచి తన చోట రాసినవాటిని లేపేసింది.

తలుపు తోసుకుని సువర్చల మేడమ్ వచ్చింది. ఆస్పత్రి నుంచి మూడోసారి ఫోన్ వచ్చిందట. డిస్కు పోయిందా, ఏమైందని అడిగింది. ఉస్తాద్ తువ్వాలు మడత పెట్టుకుంటూ ఉన్నారు. శిష్యుడి వైపు చూడనే లేదు.

"డిస్కు బాగానే ఉంది మేడమ్," అన్నాడు రంగముని. "సిస్టమ్ వద్దన్నా వినకుండా ఫలితాలు నేనే పోగొట్టాను. మళ్లీ పరీక్షలు చేయాల్సిందే. ఆపరేషన్ ఆవిడ రక్తం ముందు తెప్పించండి."

మేడమ్ ముఖం కందిపోయింది. నీ సంగతి తర్వాత చూస్తానని, ఫోన్ అందుకుంటూ బయటికి నడిచింది.

ఉస్తాద్ కుర్చీ ముందుకు జరిపారు.

"కూర్చో. మొదటిదాన్ని పూర్తిగా మూసెయ్. ఎంతసేపు పడితే అంతసేపు పట్టనీ."