చెల్లెలి పేరు

"తీతూ... ఒరే తీతూ..."

నతానియేలు అయ్యగారి గొంతు చర్చి ముందు నుంచి వినిపించింది.  తీతు చర్చి వెనక గోడకి ఆనుకుని, గాలి నిండుగా ఉన్న సైకిలు చక్రానికే మళ్ళీ గాలి కొడుతున్నాడు. మూడు రోజులుగా అయ్యగారి ఎదుట పడకుండా తిరగడమే అతనికి పనైపోయింది.

గోడ మూల తిరిగి అయ్యగారే వచ్చారు.

"టైరు పగులుద్దిరా. ఇంక చాలు, రా."

రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. ఎదురుగా ఉప్పు మడులన్నీ నీళ్ళతో నిండి, ఆకాశం ముక్కలు ముక్కలై కింద పడ్డట్టు ఉంది. వేరే రోజైతే తీతు అది చూసి నోటుపుస్తకంలో నాలుగు మాటలు రాసుకునేవాడు. ఇవాళ అటు చూడబుద్ధి కాలేదు.

అయ్యగారికి మొహం చాటేసేంత తప్పు అతనేం చేశాడంటే, జరిగింది ఇదీ.

తీతుకి ఇరవై రెండేళ్ళు. చర్చిలో సేవ నేర్చుకుందామని ఏడాది కింద పాస్టరు అయ్యగారి దగ్గర చేరాడు. ఊళ్ళో అందరూ చిన్నయ్యగారంటారు. పాట బాగా పాడతాడు, మాటా తీయనే. అతని బాధల్లా ఒకటే, తనకి బాధల్లేవని. తండ్రి బడిపంతులు. వేళకి అన్నం, పండక్కి కొత్త బట్టలు. ఉపవాస ప్రార్థనల్లో ఒక్కొక్కరే లేచి, దేవుడు తమను ఏ కష్టంలోంచి దాటించాడో సాక్ష్యం చెబుతారు. తాగుడు మానినవాడొకడు, పాము కరిచి బతికినవాడొకడు. వింటుంటే తీతుకి అసూయలాంటిది కలిగేది. తన వంతు వస్తే పదో తరగతిలో టైఫాయిడ్ వచ్చి తగ్గిన సంగతి చెప్పేవాడు. రెండోసారి చెబుతుంటే ముందు వరసలో ఒక ముసలాయన గురక పెట్టాడు.

ఒకసారి అయ్యగారిని అడిగాడు. "దేవుడు కష్టాలు ఎందుకిస్తాడండీ? వాటివల్ల ఏం ప్రయోజనం?"

 అయ్యగారు సువార్తమ్మ సంగతి చెప్పారు.

సువార్తమ్మ మడుల్లో ఉప్పు గోకి కుప్పపోసే కూలి మనిషి. ఇరవై ఏళ్ళ కింద, ఇలాంటి వానల్లోనే, ఏడేళ్ళ కూతురికి జ్వరం ముదిరింది. పిల్లని వీపున కట్టుకుని మడి గట్టు మీద తారు రోడ్డు దాకా నడిచింది. పిల్ల బెదరకుండా దోవంతా జోల పాడుతూనే ఉంది. రోడ్డెక్కి చీర ముడి విప్పాకగాని తెలియలేదు, ఆ జోల వినే పిల్ల ఎప్పుడో ప్రాణం వదిలిందని.

"ఏటా ఆ రోజుకి నా దగ్గరికొచ్చి, ఎందుకయ్యగారూ అని అడుగుద్ది.  నేను టీ పెట్టిస్తా, తాగి వెళ్ళిపోద్ది," అన్నారు అయ్యగారు. "పిల్ల జ్వరంతో పోయిందనే ఊరికి తెలుసు, వీపు మీద పోయిందని ఆమె ఇంకెవరికీ చెప్పుకోలేదు. నీ దగ్గరే ఉంచు."

తీతు ఉంచుకోలేకపోయాడు.

మొన్న శుక్రవారం పక్క ఊళ్ళో ఉపవాస ప్రార్థనకి ఒక్కడే వెళ్ళాడు. సాక్ష్యానికి లేచి నిలబడ్డాడు. టైఫాయిడ్ గురించే చెప్పాలనుకున్నాడు. కానీ అన్ని కళ్ళు తన వంక ఆకలిగా చూస్తుంటే నోటికి వేరే మాట వచ్చేసింది.

"నాకొక చెల్లెలుండేది," అన్నాడు.

అంతే. తల్లి అన్న అయింది, కూతురు చెల్లెలైంది, మడి గట్టు కాలవ గట్టయింది. చెల్లి వీపు మీద దూదిపింజలా ఉందన్నాడు. నక్షత్రాల వంక చూస్తూ నడిచానన్నాడు. జోల కూడా పాడాడు. జనం ఏడ్చారు, అతనూ ఏడ్చాడు. ఆ కాసేపు ఆ చెల్లెలు నిజంగానే ఉన్నట్టు ఉంది. ఒక పెద్దమనిషి వచ్చి రెండు చేతులూ పట్టుకుని, వచ్చే నెల పట్నంలో పెద్ద సభలున్నాయి, అక్కడ ఈ సాక్ష్యం చెప్పి తీరాలి అన్నాడు.

ఇంటికొచ్చాక తీతుకి అన్నం సహించలేదు.

"సువార్తమ్మ కాలికి చీము పట్టింది," అంటున్నారు అయ్యగారు. "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ బురదలో ఆటో రాదు, రోడ్డు మీదే ఉంటానన్నాడు. పద."

సువార్తమ్మ గుమ్మంలో పీట మీద కూర్చుని ఉంది. పక్కింటి రాహేలు ఆమె సంచి సర్దుతోంది. తీతుని చూడగానే రాహేలు మొహం వెలిగింది.

"అదుగో వచ్చాడు మా చిన్నయ్యగారు. అయ్యగారూ, మీకు తెలుసో లేదో, మొన్న మా పుట్టింటి ఊళ్ళో ఈయన సాక్ష్యం చెబితే కొంగు తడవని ఆడమనిషి లేదు. చెల్లెల్ని వీపున మోసుకుని పోతుంటే దోవలోనే పోయిందంట. ఇన్నాళ్ళూ మనకొక్క మాట చెప్పలేదు చూడండి. ఎంత గుట్టో."

అయ్యగారు వంగి సువార్తమ్మ పాదానికి గుడ్డ చుడుతున్నారు. ఆ చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మళ్ళీ చుట్టి, ముడి వేశాయి.

 భూమి నోరు తెరిస్తే తీతు దూకేవాడే.

"నేను పోయి నలుగుర్ని పిలుచుకొస్తానండి," అన్నాడు. "మంచం మీద మోసుకుపోదాం."

"నలుగురెందుకు?" అన్నారు అయ్యగారు లేస్తూ. ఆ గొంతులో కోపం లేదు. "నీకు అలవాటేనంటగా."

"నిజమే పాపం," అంది రాహేలు.

తీతు అయ్యగారి దగ్గరగా వెళ్ళి నెమ్మదిగా అన్నాడు. "అయ్యగారూ, నేను..."

"నాతో కాదు," అన్నారాయన అంతకన్నా నెమ్మదిగా. "నీకు చెప్పడం నా తప్పు. అది నేను చూసుకుంటా."

రాహేలు పాత చీర తెచ్చి, సువార్తమ్మని అతని వీపున ఆనించి, నడుం చుట్టూ తిప్పి ముడి వేసింది.

"ఉప్పులో నానిన ఒళ్ళు చిన్నయ్యా, మూటకన్నా బరువుంటా," అంది సువార్తమ్మ సిగ్గుపడుతూ. "మధ్యలో మడిలో పారేసేవు. ఉప్పు పండదు, మడి గలవాళ్ళు నా మీద పడి ఏడుస్తారు."

"లేదమ్మా," అన్నాడు తీతు. నవ్వాలని చూశాడు. రాలేదు.

గట్టు మైలున్నర. అయ్యగారు ఆమె సంచీ, ముగ్గురి చెప్పులూ పట్టుకుని ముందు నడిచారు. తీతు వెనక నడిచాడు.

పది అడుగులు వెయ్యకముందే బంకమట్టి పాదాన్ని పట్టుకుని వదలనంది. ఒక కాలు పీక్కుంటే రెండోది దిగబడుతుంది. చీర ముడి కడుపులో కోసుకుపోతోంది. ఆమె చేతి గాజు అతని గొంతు కింద నొక్కుతోంది. ఆమె ఊపిరి వేడిగా చెవికి తగులుతోంది. జ్వరం కూడా ఉన్నట్టుంది.

దూదిపింజ అన్నాడు. నక్షత్రాలు అన్నాడు. మోసేవాడికి తల పైకి లేవదని ఇప్పుడు తెలిసింది. కనిపించేవి తన కాలి బొటనవేళ్ళే. అవి కూడా బురదలో మునిగితే కనిపించవు.

సగం దోవలో హద్దురాయి కనిపిస్తే అతను అటు తిరిగాడు.

"అయ్యగారూ, ఒక్క నిమిషం దింపుకుంటానండి."

అయ్యగారు ఆగారు. మడి నీళ్ళ వంక చూస్తూ అన్నారు. "దింపుకోరా. నువ్వైతే దింపుకోవచ్చు."

తీతు ఆ రాయి వంక చూశాడు.  తర్వాత దింపకుండానే నడిచాడు.

కొంతదూరం పోయాక సువార్తమ్మ అతని చెవి పక్కన నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు వెళ్తున్న అయ్యగారికి కూడా వినపడకూడదన్నట్టు.

"చిన్నయ్యా, నీకో మాట చెప్పనా. నాకూ ఒక పిల్లుండేది. సలోమి. ఈ గట్టు మీదే నా వీపున పోయింది."

తీతు ఇంకో కాలు బురదలోంచి పీక్కున్నాడు.

"ఇరవై ఏళ్ళు ప్రభువుని అడిగా, ఎందుకు తండ్రీ అని. అయ్యగార్నీ అడిగా. పాపం, ఆయన మాత్రం ఏం చెబుతాడు. ఎవరో ఒకరు పోతారు, సరే. కానీ నేను పాడుతుంటే ఎందుకు తీసుకెళ్ళాడు? అది చెప్పుకోడానికి నాకు మనిషి లేకపోయె. ఎవరికి చెబితే ఏం అర్థమవుద్ది?"

గాలి వీచింది. మడుల్లో నీళ్ళు సన్నగా వణికాయి.

"శనివారం రాహేలు వచ్చి నీ సంగతి చెప్పింది. నేను పొయ్యి ముందు అట్టాగే కూలబడిపోయా. ఏడుపు కాదు చిన్నయ్యా, ఏదో చల్లగా అయింది లోపల. నాలాగే ఇంకొకడు ఉన్నాడు. ఇంత చిన్నవాడు. తల్లిలాంటిది లేకుండా ఒక్కడే మోసుకుంటన్నాడు ఆ బరువు. అప్పుడు తెలిసింది నాకు. ఆ దోవ తెలిసిన మనిషినొకదాన్ని నీ కోసం సిద్ధం చేసి ఉంచాడు ఆయన. నా పిల్ల ఊరికే పోలేదు."

ఆమె గరుకు చెయ్యి అతని తల మీదికి వచ్చింది. వెంట్రుకలు సవరించింది, చిన్నపిల్లవాడికి సవరించినట్టు. ఆ చేతి వేళ్ళు ఉప్పు తిని పగిలి ఉన్నాయి. జుట్టుకి చిక్కుకుంటున్నాయి.

 ఎదురుగా తారు రోడ్డు కనిపిస్తోంది. ఆటో పసుపురంగు కనిపిస్తోంది. వంద అడుగులు నడిస్తే చాలు. ఆమెని దింపొచ్చు, ఆటో ఎక్కించొచ్చు. ఇరవై ఏళ్ళకి దొరికిన జవాబుని ఆమె ఒళ్ళో పెట్టుకుని హాయిగా పోతుంది. తను నోరు మూసుకుంటే ఆమెకి ఆ చల్లదనం మిగులుతుంది. తెరిస్తే పోతుంది. తన అబద్ధం ఎవరి గుండెలో పోయి గూడు కట్టుకుందో అతను ఇప్పుడు చూశాడు.

"నిన్నట్నించీ ప్రార్థనలో మా సలోమి పక్కన నీ చెల్లెల్ని కూడా పెట్టుకుందామనుకుంటన్నా," అంది సువార్తమ్మ. "పేరు తెలీక ఆగిపోతన్నా. రాహేల్ని అడిగితే నువ్వు చెప్పలేదంది. నీ చెల్లెలి పేరేంటి నాయనా?"

తీతు చెప్పలేదు నిజమే. ఆ రోజు అంత ఏడ్చాడు, అంత ఏడిపించాడు. ఆ పిల్లకి ఒక పేరు ఉండాలని కూడా తోచలేదు.

ఇప్పుడు పేర్లు తోచాయి. మంచి మంచి పేర్లు, ఒకదాని వెంట ఒకటి. ఏదన్నా ఒకటి అంటే సరిపోతుంది. ఈమె రోజూ తెల్లారుజామున లేచి, పగిలిన ఆ చేతులు జోడించి, లేని పిల్ల పేరు దేవుడికి చెబుతుంది.

అతను ఆగిపోయాడు. ముందు నడుస్తున్న అయ్యగారూ ఆగారు. వెనక్కి మాత్రం తిరగలేదు.

సువార్తమ్మ చెయ్యి అతని తల మీద ఇంకా అలాగే ఉంది.

"అమ్మా," అన్నాడు తీతు తన బురద కాళ్ళ వంక చూస్తూ. "నాకు చెల్లెలు లేదు. నేనెవర్నీ మొయ్యలేదు. ఆ బిడ్డ మీ సలోమేనమ్మా."