పూజలో ఉన్న తుపాకీ

సిద్ధయ్యస్వామివారు ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు అన్నం తిన్నావా అని అడిగేవారు, తర్వాత కాసేపు కళ్లు మూసుకునేవారు. ఆ మూసిన కళ్ల వెనక ఎక్కడికో వెళ్లి, ఎవరినో వెంటబెట్టుకుని వచ్చినట్టుండేది.

ఒక మధ్యాహ్నం రుద్రప్ప అనే శిష్యుడు వచ్చి పాదాలకు మొక్కాడు. పొలం గట్టు తగాదాలో అతని తమ్ముణ్ణి పోయిన నెల దారికాచి కొట్టారు. తుపాకీ లైసెన్సు కాగితాలు సంచీలోనే ఉన్నాయి, సంతకం ఒక్కటే తక్కువ. భార్య పెట్టమంటోంది, తల్లి తుపాకీ గడప దాటి లోపలికొస్తే తను ఉండనంటోంది.

"ఇంట్లోవాళ్లను కాపాడుకోవడం తప్పా స్వామీ?"

స్వామి తప్పనలేదు, ఒప్పనలేదు. వన్నూరప్ప అనే రైతు సంగతి ఎత్తుకున్నారు.

వన్నూరప్ప, వంక అవతలి తిప్పేస్వామి ఒక్క బావిలో ఈత నేర్చినవాళ్లు. నీళ్ల వంతు దగ్గర మాట పెరిగింది. ఒకరు తుపాకీ తెచ్చుకున్నారని రెండోవారూ తెచ్చుకున్నారు. ఎవరు ముందో తర్వాత వాళ్లకే గుర్తులేదు. రెండేళ్లుగా వన్నూరప్ప అన్నం తిన్నా, కునుకు తీసినా అది చెయ్యి చాచితే అందేచోట గోడకు ఆని ఉండేది.

మహానవమి వచ్చింది. ఆ రోజు నాగలైనా, కొడవలైనా, తుపాకీ అయినా గంధం పూసి, కుంకుమ పెట్టి దేవుడి ముందు ఉంచుతారు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ముట్టరు. సాంబ్రాణి పొగకు ఇల్లంతా మత్తుగా ఉంది. పసుపు కలిపిన నీళ్లలా ఎండ పొలం మీద నిలిచిపోయింది. వసారాలో కళ్లు వాలుస్తున్న వన్నూరప్పకు బంతితోటలోంచి ఎవరో వస్తున్నట్టు కనిపించింది. కాళ్లు కనబడటం లేదు, పూల మీద తేలి వస్తున్నట్టుంది. కలేమో అనుకున్నాడు. దగ్గరికొచ్చాక చూస్తే తిప్పేస్వామి.

చెయ్యి గోడ దగ్గరికి పోయింది. అక్కడేమీ లేదు. లేచి పూజగదిలోకి పరుగెత్తాడు. భార్య సుంకమ్మ ప్రమిదలో నూనె పోస్తూ, తల తిప్పకుండానే అంది:

"ఈ పొద్దు అది దేవుడిది. కావాలంటే ఆయన్నడిగి తీసుకో."

తుపాకీ మెడలో దండ వేసుకుని, ఏమీ ఎరగని పెళ్లికొడుకులా కూర్చుని ఉంది. వన్నూరప్ప దాన్ని చూశాడు, దీపాన్ని చూశాడు. ఉత్త చేతులతో బయటికొచ్చాడు.

తిప్పేస్వామి మెట్టు కిందే ఆగి, రెండు అరచేతులూ తెరిచి చూపించాడు.

"నాది కూడా పూజలోనే ఉందప్పా. నీదీ ఉంటాదనే ఈ పొద్దు వస్తి."

అతని కూతురికి పెళ్లి కుదిరింది. మెరవణి, ఆ పెళ్లి ఊరేగింపు, ఈ తోట పక్కనుంచే పోవాలి. వసారాలో తుపాకీ కనబడితే పిల్ల జడుసుకుంటుందని, ఆ ఒక్క పూటకు లోపల పెట్టుకోమని అడగడానికి వచ్చాడు. తనదీ తీయనని మాటిచ్చాడు.

ఇన్నాళ్లూ వన్నూరప్ప తిప్పేస్వామి చేతులనే కనిపెట్టి చూశాడు. తల పూర్తిగా నెరిసిపోయిందని ఆ రోజే చూశాడు. సుంకమ్మ విస్తరాకులో గుగ్గిళ్లు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. పొద్దు వాలేదాకా మాటలు తక్కువగా, అలా కూర్చునే ఉన్నారట.

స్వామి అక్కడ ఆపేశారు. రుద్రప్ప సంచీలోని కాగితాలు తడుముకున్నాడు.

"ఒకవేళ ఆయన తుపాకీతోనే వచ్చి ఉంటే, స్వామీ?"

"రావచ్చు నాయనా," అన్నారు స్వామి. "వన్నూరప్ప రెండేళ్లు ఆ మాటే అనుకుంటూ కూర్చున్నాడు. వంక అవతల తిప్పేస్వామీ అదే అనుకుంటూ కూర్చున్నాడు."