నూకమ్మ గుర్తుపట్టిన పుంజు

అనగనగా పింఛన్లు ఇచ్చే అడవి ఒకటి ఉండేది. నవ్వకండర్రా, నిజంగానే ఇచ్చేవారు. పర్లయ్య అనే కోడిపుంజు అక్కడ సింహం కొలువులో చాలా ఏళ్లు పనిచేశాడు. తెల్లవారుజామున కూసి అడవినంతా లేపడమే అతని ఉద్యోగం. రిటైరయ్యాక నెలనెలా నాలుగు శేర్ల జొన్నలు పింఛనుగా వచ్చేవి.

ఇన్నేళ్లూ తనంతట తానే నిద్ర లేచానని పర్లయ్య నమ్మకం. నిజానికి రోజూ భార్య నూకమ్మ ముక్కుతో పొడిచి పొడిచి లేపేది. ఆయనగారు పొడుపులు మరిచిపోయి, కూతలు మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

రిటైరయ్యాక ఇద్దరికీ పొద్దస్తమానం కీచులాటలే. చివరికి విడిపోయారు. నూకమ్మ ఉసిరిచెట్టు మీదికి మకాం మార్చింది. వెళ్లేముందు, "ఏమయ్యా, పింఛనులో సగం నాకియ్యి," అంది.

"కూసింది నేను," అన్నాడు పర్లయ్య.

వారం తర్వాత వచ్చి మళ్లీ అడిగింది.

"గొంతు నాది," అన్నాడు.

మూడోసారి వచ్చింది. "మరి నిన్ను లేపిందెవరు?"

"సూర్యుడు," అన్నాడు పర్లయ్య మెడ నిక్కించి. నూకమ్మ తిరిగి ఉసిరిచెట్టుకు వెళ్లిపోయింది.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. ఏటా కార్తీక పౌర్ణమి నాడు పింఛనుదారులంతా ఆఫీసుకు వచ్చి, తాము బతికే ఉన్నామని చూపించుకోవాలి. ఏనుగైతే ఘీంకరించాలి. పుంజైతే సూర్యుడు రాకముందే కూయాలి. వేళకు రాకపోతే పోయినట్టే లెక్క.

ఆ రోజు పర్లయ్య కళ్లు తెరిచేసరికి తోక మీద ఎండ చుర్రుమంటోంది. ఒక్క పరుగున ఆఫీసుకు వెళ్లి, గుమాస్తా ముళ్లపంది ముందు గొంతు చించుకుని కూశాడు.

"మీరు పొద్దున్నే పోయారండీ. రిజిస్టరులో రాసేశాను," అన్నాడు ముళ్లపంది, వీపు మీది ముల్లొకటి పీకి సిరాలో ముంచుతూ.

"ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాను కదయ్యా."

"పోయినవాళ్ల మాట చెల్లదండీ. మీ ఆవిడ వచ్చి గుర్తుపడితే ఆ రాత కొట్టేస్తాను. అదిగో, అక్కడే ఉన్నారు. విడిగా ఉన్నా భార్యే కాబట్టి, సగం పింఛను ఆవిడకి వెళ్తుంది."

నూకమ్మ ఓ పక్కన నింపాదిగా జొన్నలు కొలిపించుకుంటోంది. "బతికుండగా మూడుసార్లు అడిగినా ఇవ్వలేదు. పోయాక అడక్కుండానే సగం ఇచ్చారు. నాకిదే బాగుంది," అంది.

పర్లయ్యకు రేపటి తిండి తలుచుకుంటే భయం, భార్య ముఖం చూస్తే సిగ్గు. "నూకమ్మా, నువ్వు పొడవబట్టే లేచేవాణ్ణి. సగం నీదే. నేనెవరో చెప్పు, నీకు పుణ్యముంటుంది," అన్నాడు.

నూకమ్మ అతణ్ణి జుట్టు నుంచి కాలిగోళ్ల దాకా తేరిపార చూసింది.

"ఎక్కడో చూసినట్టే ఉంది. ముందు ఆ మాట కాయితం మీద రాయించు. తర్వాత గుర్తుపడతాను."

ముళ్లపంది రాశాడు. పర్లయ్య కాలిముద్ర వేశాడు. నూకమ్మ కాయితం రెండుసార్లు చదివించుకుని, "ఆయనే," అంది. అప్పుడు పర్లయ్య మళ్లీ బతికాడు.

నీతి: ఒకరి జీతం వెనక ఇద్దరి కష్టం ఉంటే, విడిపోయినా పింఛను ఇద్దరిదీ. ఆ మాట ఒప్పుకోవడానికి చచ్చేదాకా ఆగకూడదు.